ఆరు కాళ్ల బేరం

సోమవారం పొద్దున ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా కొత్తచోట ఖాతా తెరిచేసి, ఆనక కోటు గుండీల సంగతి చూద్దామనుకుంది టైలరమ్మ. కిందటి వారమే పెద్ద సైటువాళ్లు చెప్పాపెట్టకుండా ఆవిడ కొట్టు పేజీ మూసేశారు. ఎందుకయ్యా అని అడగడానికి అటువైపు మనిషనేవాడే లేడు. పాతికేళ్లు ఎవరి ముందూ తల వంచకుండా బతికిన మనిషికి ఒళ్లు మండిపోయింది.

లైబ్రరీలో పనిచేసే చెల్లెలు ఒక దారి చెప్పింది. అందరికీ కలిపి ఒక యజమాని అంటూ లేని నెట్‌వర్కు ఉందట. చిన్నచిన్న సర్వర్లు, ఎవరిది వాళ్లే నడుపుకుంటారట, దేంట్లో చేరినా మిగతావాళ్లతో మాట్లాడుకోవచ్చట. సాయంత్రం వచ్చి చేర్పిస్తానంటే, ఆ మాత్రం తనకు తెలీదా అని అక్క ఒక్కతే కూర్చుంది.

సర్వర్ల జాబితాలో ఒకదానికి సూది బొమ్మ ఉంది. కింద ‘ఓపికగల చేతులకు స్వాగతం’ అని రాసుంది. ఇక చూసేదేముంది, చేరిపోయింది. అది పురుగుల్ని, సీతాకోకచిలుకల్ని ఎండబెట్టి అట్టమీద సూదులతో గుచ్చి దాచే పండితుల సర్వరు.

టైలరమ్మ తనను తాను పరిచయం చేసుకుంది: “పాతికేళ్లుగా సూది పట్టిన చేయి. ఎంత పాతవైనా తెండి. చేతులు ఊడినా, కాళ్లు పొడుగు తగ్గినా, నడుము వదులైనా సరిచేసిస్తాను.”

పండితులు నోళ్లు తెరిచారు. ఆరు కాళ్లూ చేస్తారా అని ఒకాయన అడిగాడు. ఆరు కాళ్లంటే మూడు ప్యాంట్లని లెక్కేసుకుని, మర్నాటికే ఇస్తానంది. రెక్కలో అని ఇంకొకరు అడిగితే, పిల్లల నాటకానికి కాబోలనుకుని, అదీ చేస్తానంది. చివరగా కొట్టు చిరునామా ఇచ్చి, ఒక హెచ్చరిక పెట్టింది: “ఉతికి ఆరేసి తెండి. మురికివి ముట్టుకోను.”

దాంతో కొంప అంటుకుంది. ఎండిన పురుగును ఉతకొచ్చా, కూడదా అని పండితులు రెండు జట్లయ్యారు. గొడవ పక్క సర్వర్లకు పాకింది. మధ్యాహ్నానికి మూడువందల జవాబులు. టైలరమ్మ చదవలేదు, లెక్క మాత్రం చూసుకుంది. బేరం పండిందని పొంగిపోయి, బల్ల ఖాళీ చేసి, పక్కకొట్టు నుంచి రెండు కుర్చీలు తెచ్చి వేసింది.

మర్నాడు వచ్చింది ఒక్కరే. మ్యూజియంలో పురుగుల గది చూసే పెద్దాయన, మూడు గంటలు బస్సులో ఒళ్లో పెట్టె పెట్టుకుని వచ్చాడు. పెట్టె తెరిస్తే అరచేయంత నీలి సీతాకోకచిలుక, ఎడమ రెక్క చిరిగి ఉంది. టైలరమ్మకు సంగతి అప్పుడు అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొరపాటైందని చెప్పబోయింది.

“మా గురువుగారు పట్టింది. ఎల్లుండి ప్రదర్శన,” అన్నాడాయన. “అతికే పని నాకు తెలుసమ్మా. చేతులే వణుకుతున్నాయి.”

ఆ మాటతో ఆవిడ తలుపు వేసి, ఫ్యాను ఆపింది. ఉన్నవాటిలోకెల్లా పల్చని పట్టుగుడ్డ తీసి, బియ్యపుగింజలో సగమంత ముక్క కత్తిరించింది. ఆయన తెచ్చిన జిగురును సూదిమొనతో అద్దింది. ఆయన చెబుతుంటే ఆవిడ చేసింది. రెండు గంటలు ఇద్దరూ గట్టిగా ఊపిరి తీసుకోలేదు. చివరికి ఆయన భూతద్దం పెట్టి వెతికినా అతుకు దొరకలేదు.

ఆ రెక్కను ఫొటో తీసి ఆయన నెట్‌వర్కులో పెట్టి, ఇది టైలరు చేతిపని అని రాశాడు. ఉతకాలన్న జట్టు, కూడదన్న జట్టు కలిసి మెచ్చుకున్నాయి. వారం తిరిగేసరికి ఆవిడ వెంట పదివేలమంది.

చెల్లెలు సంగతంతా విని పడీపడీ నవ్వింది. టైలర్లకు వేరే సర్వరుందనీ, ఈ పదివేలమందినీ వెంటబెట్టుకుని అక్కడికి మారిపోవచ్చనీ చెప్పింది.

టైలరమ్మ సూదిలో దారం ఎక్కించి ముడి వేసింది.

“అక్కడంతా టైలర్లేనే. నన్నెవరు చూస్తారు?”