మూతల పాఠం

గురువారం పొద్దున ఎలియేజరు వేసుకున్న పథకం చాలా సులువైనది. కూతురు సువార్తను, ఆమె మూతల అట్టపెట్టెను కాలేజీ దగ్గర దింపాలి. తిరిగొచ్చి భార్య మార్తమ్మను ఎక్కించుకుని సల్మాబాద్‌లోని కూలీల క్యాంపుకు వెళ్ళాలి. ఆ క్యాంపులోనే ఉంటూ, జబ్బుచేసి లేచిన పోశన్న కోసం మధ్యాహ్నం అక్కడ కృతజ్ఞతా కూటం, ఆపైన భోజనాలు. వంట మాత్రం రిఫా ఊళ్ళోని వీళ్ళింట్లోనే.

మూతల సంగతి కొంచెం చెప్పాలి. సువార్త డిజైను చదువుతోంది. మొదటి ఏడాది చివరి పరీక్షకు జట్టుగా నిలబడి ఒక మామూలు వస్తువు గురించి, వినేవాళ్ళు ఆవలించకుండా చెప్పాలట. సువార్తకూ, ఆమె స్నేహితురాలు లతీఫాకూ వచ్చిన వస్తువు మూత.

"మూత గురించి చెప్పేదేముందమ్మా? పెడతాం, తీస్తాం," అన్నాడు ఎలియేజరు. కూతురు టైపింగు నేర్చుకోవాలని ఆయన కోరిక. ఈ పరీక్ష తప్పితే మారుమాట లేకుండా టైపింగులో చేరాలని ఇద్దరి మధ్యా ఒప్పందం.

సువార్త తమ ప్రార్థన సంఘంలోని ఇళ్ళన్నీ తిరిగి మూతలు పోగుచేసింది. కుక్కరు మూత, ఇడ్లీపాత్ర మూత, పాలపొడి డబ్బా మూత, పెళ్ళినాటి పేర్లు చెక్కిన స్టీలు మూతలు. లతీఫా వాళ్ళమ్మ కాఫీ కూజా మూత పంపింది. ఆఖరికి సొంత తల్లి వంటింట్లో కూడా ఒక్క మూత మిగల్లేదు.

"నా పప్పుచారు మీద ఏం పెట్టనే?" అంది మార్తమ్మ.

"పేపరు పెట్టమ్మా. ఒక్క పూటేగా."

ప్రార్థన చెయ్యకుండా ఎలియేజరు కారు కదిలించడు. తండ్రీకూతుళ్ళు కారెక్కి కళ్ళు మూసుకున్నారు. అట్టపెట్టె ఇంకా గుమ్మం ముందే ఉంది. ఆయన ప్రార్థన రోడ్లతో మొదలై, వాటి మీద తిరిగే డ్రైవర్లను, ఈ అరబ్బు దేశపు పెద్దలను, నరసాపురంలోని బంధువులందరినీ పేరుపేరునా పలకరించి గానీ ఆగదు.

సరిగ్గా అప్పుడే సంఘంలోని యెహోషువ క్యాంపుకు సామాను చేరవెయ్యడానికి వ్యానుతో వచ్చాడు. పనిచేసే చేతుల్ని కూడా దేవుడు చూస్తాడని నమ్మే మనిషి. అన్నం డేగిసాలు వ్యానులో పెట్టాడు. గిన్నెల మీద పేపర్లు చూశాడు, గుమ్మంలో పెట్టెనిండా మూతలు చూశాడు. ఇవి వాటివే, ఏది దేనిదో అక్కడ ఏరుకోవచ్చులే అనుకుని పెట్టె వ్యానెక్కించాడు. మూతల్లేని కోడికూర, పప్పుచారు తన స్పీడుకు నిలవవు. ఎలియేజరు కారునైతే సైకిళ్ళు కూడా దాటిపోతాయి. అందుకని, కారూ క్యాంపుకేగా అనుకుని ఆ రెండు గిన్నెలూ చప్పుడు కాకుండా కారు వెనక పెట్టి తలుపు వేశాడు. ఇక్కడ "ఆమెన్" అనేసరికి వ్యాను వీధి మలుపు తిరిగిపోయింది. వెనక వేసిన తలుపు చప్పుడు విని, కూతురు పెట్టె పెట్టించుకుందని తండ్రీ, తండ్రి పెట్టించాడని కూతురూ అనుకున్నారు.

మొదటి రౌండెబౌట్ చుట్టూ కారు తిరుగుతుంటే వెనకనుంచి బుడుంగుమంది.

"నాన్నా, మూతలు చప్పుడు చేస్తే అలా ఉండదు," అంది సువార్త, తిరిగి చూస్తూ.

పెట్టె యెహోషువ వ్యానెక్కిందని అప్పుడు ఇద్దరికీ వెలిగింది. సల్మాబాద్ వెళ్ళొచ్చే టైము లేదు. క్యాంపులో ఫోను లేదు. రెండో రౌండెబౌట్‌లో పప్పుచారు పొర్లింది. సువార్త తను గీసిన చార్టులనే తీసి గిన్నె మీద కప్పింది. మూడో రౌండెబౌట్‌తో ఆ బొమ్మలూ పోయాయి.

కాలేజీ గుమ్మంలో లతీఫా ఎదురైంది. జరిగింది విని గోడకు చేరగిలబడింది. గంభీరంగా ఉండే పెద్ద మేడమ్ మాత్రం, "మీ వంతు ఇప్పుడే. వాయిదాలు లేవు," అంది.

ఎలియేజరుకు టైపింగు మిషను టకటక వినబడింది. తను కోరుకున్నదే, అయినా గుండె ఎందుకో సంతోషించలేదు. ప్రభువా, కళ్ళు మూసుకుని నిన్ను తలుచుకున్నందుకా ఇది అని కూడా మెల్లిగా అడిగాడు.

లతీఫా ఆయన చొక్కా మీది పసుపు మరకలు చూసింది. సువార్త చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు.

"నాన్నా, గిన్నెలు లోపలికి పట్రా."

"ఎక్కడికే, క్లాసులోకా?"

"మూత లేకుండానే పట్రా."

రెండు గిన్నెలూ బల్ల మీదికెక్కాయి. "మా వస్తువు మూత. అది ఇక్కడ లేదు. లేకపోతే ఏమవుతుందో ఈయన చెప్తారు," అని సువార్త తండ్రిని ముందుకు నెట్టింది. ఎలియేజరు సగం హిందీలో, సగం ఇంగ్లీషులో రౌండెబౌట్లన్నీ తిప్పి చూపించాడు. కూర మీది పేపరు ఎత్తితే దాని అక్షరాలు తిరగబడి నూనెలో తేలుతున్నాయి. క్లాసు పగలబడి నవ్వింది. ఇంతలో ఈగలొచ్చాయి. వాసనకు పక్క క్లాసూ వచ్చింది.

"ఇప్పుడు మీరే మూత చెయ్యండి, చేతికందినదానితో," అంది లతీఫా. ఒకరు డ్రాయింగు బోర్డు తెచ్చారు, ఒకరు ఫైలు పెట్టారు. ఆవిరి ఎటు పోవాలి, ఎక్కడ పట్టుకోవాలి, ఎందుకు జారుతోంది అని వాదులాడుకున్నారు. చివరికి పెద్ద మేడమ్ తన ఎండటోపీ తీసి పప్పుచారు మీద బోర్లించింది. అది సరిగ్గా సరిపోయింది.

ఎలియేజరు నోరు తెరుచుకుని చూశాడు. పాతికేళ్ళుగా మూతలు తీసి తింటున్నాడు గానీ, మూతను ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు. తన పిల్లా, ఆ లతీఫా వస్తువే లేకుండా అందరికీ దాన్ని చూపించారు.

"తేకపోవడం మంచి ఆలోచన," అంది మేడమ్.

"ఆలోచన కాదు మేడమ్, పొరపాటున క్యాంపుకు పోయాయి," అని సువార్త నిజం చెప్పేసింది.

"మరీ మంచిది," అని మేడమ్ వేలితో కూర రుచి చూసింది. తర్వాత క్లాసంతా చూసింది. అన్నం అడిగినవాళ్ళకు కాదనడం ఎలియేజరు ఇంటావంటా లేదు.

సగమైన గిన్నెలతో, ఇంటి దగ్గర ఎక్కి ముఖం ముడుచుకున్న మార్తమ్మతో ఆయన క్యాంపు చేరేసరికి భోజనాలు అయిపోయాయి. ప్లేట్లు మార్తమ్మ దగ్గరే ఉండిపోవడంతో అందరూ మూతలు బోర్లా తిప్పి, అన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నారు. పోశన్న చేతిలో ఇడ్లీపాత్ర మూత ఇంకా ఉంది.

"ఏమే ఎలియేజరన్నా, మూతలు పంపి కూర దాసుకుంటివా? గిదేం దావతే?" అన్నాడు. అంటూనే మూత చాపాడు. "గని మంచిగున్నయే. అంచులున్నయి, పప్పుచారు కారదు. పొయ్యి."

ఎలియేజరు పోశాడు. నిజంగానే కారలేదు. ఈ మాట సువార్తకు చెప్పాలి, రెండో ఏడాదికి పనికొస్తుందనుకున్నాడు.

టైపింగు ఊసు ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. ప్రయాణ ప్రార్థన మాత్రం ఇప్పుడు ఎలియేజరు ఒక కన్ను తెరిచి చేస్తున్నాడు. దేవుడు ఇంతవరకు ఆక్షేపించలేదు.