ఉన్న ఉద్యోగం కోసం ప్రార్థన

ఆ ఆదివారానికి వినీల వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరాధన అయ్యాక ఆరోన్ చర్చిలో కాసేపు మాట్లాడతాడు. అమ్మానాన్నలతో కలిసి ఇంటికొచ్చి అమ్మ వండిన రొయ్యల ఇగురు తింటారు. ఎండ తగ్గాక బండి మీద నరసాపురం వెళ్ళి, బండితో సహా పంటు పడవ ఎక్కి గోదావరి దాటుతారు. అవతలి ఒడ్డున టీ తాగి, మళ్ళీ పంటు మీదే ఇవతలికి వచ్చేస్తారు. ఎందుకంటే ఎందుకూ లేదు. పెళ్ళయిన కొత్త.

ఆరోన్‌ది హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. చేసేది మాత్రం పాలకొల్లులో, మేడ మీద అద్దెవాటాలో, కిటికీ పక్క బల్ల దగ్గర. వినీల ఆ వీధి చివరి బడిలో లెక్కలు చెబుతుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలకంటే ముందు ఆమే గేటు దాటుతుంది. ఇంటికొచ్చేసరికి ఆయన రెండు కంచాలు కడిగి బోర్లించి, మీటింగులో అవతలివాళ్ళకి వినపడకుండా మైకు ఆపేసి, గొంతెత్తి పాటలు పాడుతూ ఉంటాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటారు. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద సుఖం ఉంటుందంటే వినీల నమ్మేది కాదు.

ఈ సుఖం నిలుస్తుందో లేదో కంపెనీ తేల్చాలి. ఇకముందు కూడా ఇంటి నుంచే పనిచేస్తానని ఆరోన్ పెట్టుకున్న అర్జీ, మేనేజరు శాంతికుమార్ గారి దగ్గరుంది. రేపో మాపో జవాబు వస్తుంది.

ఈలోగా ఊరికి ఒక అనుమానం వచ్చింది. లుంగీ కట్టుకుని రోజంతా ఇంట్లోనే ఉండే మగాడికి ఉద్యోగం ఉందంటే ఎవరు నమ్ముతారు? కింద వాటాలో ఉండే ఇంటావిడ తలుపులమ్మ, చేపల వ్యాపారం చేసే మనిషి, మొహమాటం ఎరగదు. "బాబుగారికి ఇంకా పెళ్ళి సెలవులు అవలేదేంటమ్మా?" అని మెట్ల దగ్గర ఆపి మరీ అడిగింది.

ఆ మాట వినీలకి ముల్లులా గుచ్చుకుంది. వాళ్ళ నాన్న ఆశీర్వాదం సంఘ పెద్దల్లో ఒకడు. ఆయన దగ్గరికి వెళ్ళి, "నాన్నా, ఈయన ఏం చేస్తారో ఒక్కసారి అందరూ వింటే చాలు. చదువుకునే పిల్లలకి సాఫ్ట్‌వేర్ గురించి చెప్పించండి" అంది. ఆయన మురిసిపోయి పాస్టరు విజయ్ పాల్ గారితో చెప్పి ఏర్పాటు చేయించాడు.

"నేను ఉన్నదున్నట్టే మాట్లాడతాను వినీ. తర్వాత నన్ననకు" అన్నాడు ఆరోన్.

"ఉన్నదే మాట్లాడండి. కాస్త నవ్వుతూ మాట్లాడండి" అంది వినీల.

ఏం మాట్లాడబోతున్నారని ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. ఏ చొక్కా వేసుకుంటారని మాత్రం చాలాసేపు అడిగింది.

ఆరాధన అయ్యాక పిల్లలనే ఉండమన్నారు గానీ పెద్దలూ కదల్లేదు. ఇంజనీరింగ్ చదువుతున్న ఆశాజ్యోతి లేచి, "అన్నయ్యా, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకుంటే మంచిది?" అని అడిగింది.

"విండోస్ అద్దె ఇల్లమ్మా. ఇంటాయనకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడొచ్చి గోడలకి రంగేస్తానంటాడు, మనం సామాను సర్దుకుని బయట నిలబడాలి. మాక్ అత్తారిల్లు. అన్నీ బాగుంటాయి, దేన్నీ ముట్టుకోకూడదు." అత్తగారు ముందు వరసలోనే ఉందని అప్పుడు చూసుకుని నాలిక కరుచుకున్నాడు. "లినక్స్ సొంతిల్లు. కుళాయి పాడైతే మనమే బాగుచేసుకోవాలి. నేను చదువుకునే రోజుల నుంచి కుళాయిలే బాగుచేసుకుంటున్నాను."

అందరూ నవ్వారు. వినీల పమిట సర్దుకుని చుట్టూ చూసింది. తలుపులమ్మ కూడా ఇక్కడుంటే ఎంత బాగుండేది!

ఆ నవ్వుల దగ్గర ఆపేసినా సరిపోయేది. "అసలు ఈ రంగంలోకి ఎందుకు రావడం?" అని ఆరోన్ కొత్తగా మొదలుపెట్టాడు. "రోజంతా మీటింగులు. పని ఎందుకవలేదో అందులో చెప్పుకుంటాం. మీటింగుల వల్లే అవలేదని మాత్రం ఎవరం చెప్పం. ఇప్పుడు ఏఐ వచ్చింది. అది తప్పులు రాస్తుంది, మేం దిద్దుతాం. పూర్వం మా తప్పులు మేమే రాసుకునేవాళ్ళం, ఆ గౌరవమూ పోయింది. ఎంత కష్టపడ్డా సరే, ఏదో ఒక శుక్రవారం పిలిచి, లాప్‌టాప్ అక్కడ పెట్టి వెళ్ళమంటారు. అంతే."

ఆ 'అంతే' దగ్గర గొంతు జీరపోయింది. ముందురోజు సాయంత్రం మొగుడూ పెళ్ళాలు పోటీపడి తాగిన ఐసు సోడా చలవ అది. సంఘానికి ఆ సంగతి తెలియదు.

అక్కడున్నవాళ్ళలో టీచర్లున్నారు, గుమస్తాలున్నారు, కంపౌండర్లున్నారు. ఉద్యోగాన్ని తిట్టుకోవాలంటే ఇంట్లో తలుపేసుకుని తిట్టుకుంటారు గానీ, చేస్తున్న ఉద్యోగాన్ని మైకు పట్టుకుని తిట్టినవాణ్ణి వాళ్ళు ఎన్నడూ చూడలేదు. తిట్టాడంటే అది పోయిందన్నమాట. పైగా ఆ గొంతు!

విజయ్ పాల్ గారు మెల్లగా వచ్చి ఆరోన్ తల మీద చెయ్యి పెట్టాడు. "ప్రభువా! ఈ బిడ్డ కోల్పోయిన ఉద్యోగాన్ని నీ సన్నిధిలో పెడుతున్నాం!"

ఆరోన్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "అయ్యగారూ, పోలేదండీ."

ప్రార్థన చేస్తున్న మనిషిని మధ్యలో ఆపడం ఆ సంఘంలో ఎవరూ ఎరగరు. ఆయన గొంతు పెంచాడు. "ఒప్పుకోలేకపోతున్న ఈ హృదయాన్ని ఓదార్చు ప్రభువా!"

అందరూ మోకరించారు. ఆశీర్వాదం వెక్కి వెక్కి ఏడ్చాడు. చివర్లో చర్చి దద్దరిల్లేలా "ఆమేన్" అన్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉన్న అలవాటు కొద్దీ వినీల కూడా "ఆమేన్" అంది. ఆ ఒక్క ముక్క మింగేసి ఉంటే ఎంత బాగుండేదో తర్వాత చాలాసార్లు అనుకుంది. భార్యే ఆమేన్ అన్నాక ఇంకెవరికి అనుమానం ఉంటుంది?

ఇదంతా ప్రతి ఆదివారం లాగే ఇంటర్నెట్‌లో లైవ్ వెళ్ళిపోయింది.

చర్చి మెట్ల మీద హెడ్మాస్టరు సురేంద్ర గారు ఆరోన్ భుజం తట్టాడు. "దిగులు పడకు బాబూ."

"నాకు ఉద్యోగం ఉందండీ!"

"ఉంటుంది బాబూ. ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది."

ఇంటికొచ్చాక అత్తగారు ప్రసన్నకుమారి రొయ్యలు వడ్డిస్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "తినండి బాబూ. మనసులో పెట్టుకుని కుమిలిపోకండి."

"అత్తయ్యా, దేనికండీ కుమలడం? నేను రేపు పొద్దున్నే పనిలో కూర్చోవాలి."

"అలాగే కూర్చోండి బాబూ, మిమ్మల్నెవరు కాదంటారు?" అందావిడ మరింత జాలిగా.

ఇక లాభం లేదని ఆరోన్ లాప్‌టాప్ తెచ్చి మామగారి ముందు తెరిచాడు. నల్లటి తెర. దాని మీద తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు. ఆశీర్వాదం ముందుకు వంగి చూశాడు. ఆయన మండపేట రైసుమిల్లులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. మిల్లు కంప్యూటరులో పచ్చటి కొండ, రకరకాల బొమ్మలు కనిపించేవి.

"బొమ్మలేవీ లేవేంటి అల్లుడుగారూ?"

"లినక్స్ అండీ. నాకు బొమ్మలక్కర్లేదు."

ఆశీర్వాదం భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "లోపలివన్నీ లాగేసుకున్నారే. దీపం ఒక్కటే వదిలేశారు."

సంగతి చెవిన పడి తలుపులమ్మ పెద్ద పండుగప్ప చేప పట్టుకుని మేడెక్కి వచ్చింది. "నేనప్పుడే అనుకున్నానమ్మా. నువ్వు బాధపడతావని పైకి అనలేదు" అంది.

ఆవిడ కిందికి దిగుతుండగా కారు వచ్చి ఆగింది. మిల్లు యజమాని వెంకటరాజు గారు దిగాడు. పాత యజమానికి ఆశీర్వాదం చర్చి నుంచే ఫోన్ చేశాడట. ఆయన భీమవరంలో పెళ్ళికి వచ్చి, తిరిగి వెళుతూ ఇటు వచ్చాడు.

"మా మిల్లులో కంప్యూటరుందండి. బాబు దాని ముందు కూర్చుంటే చాలండి. ఆయ్."

ఆరోన్ వద్దని చెప్పబోయి, ఆగి, "ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అండీ అందులో?" అన్నాడు.

"ఏమోనండి. నీలంగా ఉంటుందండి. ఈ మధ్య ఎప్పుడు చూసినా నీలంగానే ఉంటుంది."

ఆరోన్ కళ్ళు మెరిశాయి. జబ్బుపడిన కంప్యూటరు గురించి విని ఊరుకోలేని మనిషి. పక్కన మామగారు చేతులు జోడించి నిలబడ్డాడు. "చూసి వచ్చేస్తాను వినీ" అంటూ మామగారితో సహా కారెక్కేశాడు. ఫోను ఛార్జింగులో మరిచిపోయాడు.

వినీల వరండాలో కూర్చుంది. ఎండ తగ్గింది. ఈపాటికి పంటు మీద ఉండాల్సిన వేళ. తనే చర్చిలో మాట్లాడించకపోతే, అక్కడ గాలికి ఎగిరే జుట్టుని సర్దుకుంటూ ఉండేది. అనుకుంటుండగానే ఆరోన్ ఫోను మోగింది. తెర మీద శాంతికుమార్ గారి పేరు.

"హలో ఆరోన్, ఇప్పుడే మా అమ్మ..."

"సార్, నేను వినీలనండి, ఆయన భార్యని. వందనాలండి."

"వందనాలమ్మా. భీమవరంలో మా అమ్మ మీ చర్చి లైవ్ చూసిందట..."

చూసేశారన్నమాట! మీటింగులు, ఏఐ, శుక్రవారం, అన్నీ. "సార్, ఆయన నోరే అంతండి, మనసు మంచిది. మీటింగులంటే ఆయనకి ప్రాణమండి!"

"మీటింగులంటేనా?" శాంతికుమార్ గారి గొంతులో అపనమ్మకం.

"మీటింగు లేని రోజు అన్నం సయించదండి. విండోస్ అన్నా ఇష్టమేనండి."

"అది కాదమ్మా, నేను ఫోన్ చేసిందెందుకంటే..."

"తీసెయ్యకండి సార్! ఏ పని చెప్పినా చేస్తారు. ఇంటి నుంచే చేస్తానని అర్జీ పెట్టారు గానీ, అందులో పట్టింపేం లేదండి. హైదరాబాదు రమ్మంటే వచ్చేస్తాం."

"హైదరాబాదు రావడం మీకు నిజంగా ఇష్టమేనా అమ్మా?"

వినీల వంటింటి వైపు చూసింది. గట్టు మీద రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. మధ్యాహ్నం గంట, వీధి చివరి నుంచి పరుగు, మెట్ల మీదికి వినిపించే ఆయన పాట, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఉద్యోగమే లేకపోతే ఇవన్నీ ఎక్కడివి?

"చాలా ఇష్టమండి" అంది. గొంతు ఎక్కడా తొణకలేదు. అంత పెద్ద అబద్ధం ఆమె అంతకుముందు ఎప్పుడూ ఆడలేదు.

"అయితే సంతోషం. నేను చెప్పాలనుకున్నది ఇక అక్కర్లేదు. ఉంటానమ్మా."

చీకటి పడ్డాక ఆరోన్ బియ్యం బస్తాతో దిగాడు. "మిల్లు కంప్యూటరుకి కూడా సొంతిల్లు కట్టించి వచ్చాను" అన్నాడు హుషారుగా. వినీల జరిగిందంతా చెప్పి, "మీ ఉద్యోగం కాపాడానండీ" అంది.

"పోతే కదా వినీ కాపాడడానికి!" అని ఆరోన్ వెంటనే మేనేజరుకి ఫోన్ చేశాడు. ఆమెకీ వినపడేలా స్పీకరు పెట్టాడు.

"మా అమ్మ ఫోన్లో నన్ను కడిగేసిందయ్యా, కొత్తగా పెళ్ళైన కుర్రాడి ఉద్యోగం తీసేశావా అని" అన్నాడు శాంతికుమార్ గారు. "తీయలేదమ్మా, జీవితాంతం ఇంటి నుంచే చేసుకోమని శుక్రవారమే ఒప్పుకున్నాను అని చెప్పాను. అదే నీకూ చెబుదామని ఫోన్ చేశాను. నిజం చెప్పొద్దూ, ఆ నోరేసుకుని నువ్వు పాలకొల్లులో ఉండడమే మా ఆఫీసుకి క్షేమం. కానీ మీ ఆవిడ అంతగా అడిగాక కాదనలేకపోయాను. ఆ ఆర్డరు రద్దు చేయించేశాను. ఒకటో తారీఖుకి ఆఫీసులో ఉండు. మీటింగులంటే అంత ప్రాణమని నాకు తెలీదయ్యా, పొద్దున్నవి కూడా నీకే వేస్తాను."

ఫోను పెట్టేశాక ఆరోన్ భార్య వైపు చూశాడు. ఇప్పుడు ఉన్నదున్నట్టు ఏదో అనేస్తాడని వినీల తల దించుకుని ఎదురుచూసింది.

"హైదరాబాదు నీకు చాలా ఇష్టమన్నావా?"

"అన్నానండి."

ఆయన లేచి వెళ్ళి రెండు కంచాలూ తెచ్చి పెట్టాడు. "పండుగప్ప చల్లారిపోతుంది, రా" అన్నాడు. ఏదో ఒకటి అనేసి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది. ఆ రాత్రి చేప ఎంత రుచిగా ఉన్నా, ఇద్దరూ సరిగ్గా తినలేకపోయారు.

మరుసటి ఆదివారం విజయ్ పాల్ గారు పీఠం మీద నిలబడి, వారం తిరక్కుండానే ప్రార్థన ఫలించిందని ప్రకటించాడు. పోయిన ఉద్యోగం తిరిగి రావడమే కాదు, ఏకంగా హైదరాబాదు ఆఫీసుకే పిలిచారు! ప్రార్థన ఫలించినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. ఆశీర్వాదం కూతురి చేతికి మైకు ఇచ్చాడు.

వినీల నిలబడింది. "మా ఆయన ఉద్యోగం..." అంది. మైకు పట్టుకునే భోరుమంది. ఆమె ఏడుపు చూసి సంఘమంతా కళ్ళు తుడుచుకుంటూ "స్తోత్రం, స్తోత్రం!" అంది. ఆరోన్ లేచి, అసలేం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పబోయాడు. పక్కనున్న సురేంద్ర గారు ఆప్యాయంగా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టేశాడు.

ఆరాధన ముగిసేలోగా, ఉద్యోగాలు నిక్షేపంలా ఉన్న ఇంకో ముగ్గురు అల్లుళ్ళ పేర్లు అదే ప్రార్థన కోసం అయ్యగారికి అందాయి.