పురుగుల బాబాయ్ పన్ను పీకించుకున్న రోజు

పురుగుల బాబాయ్ ఆ రోజుకి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి దవడ పన్ను పీకించుకోవాలి. పదకొండింటికి నీళ్ళు పరీక్షించే ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా కార్ఖానా తొట్టి పక్కన నిలబడాలి. ఇందులో తప్పు జరగడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అదే అనుకున్నాడు, పాపం.

బట్టలకు రంగులద్దే ఆ కార్ఖానాలో వాడేసిన ఎర్రనీళ్ళూ నీలినీళ్ళూ అన్నీ వెనకున్న పెద్ద తొట్టిలో పడతాయి. ఆ తొట్టి నిండా కంటికి కనిపించని సూక్ష్మజీవులు. రంగే వాటి తిండి. అవి తినగా తేటపడ్డ నీళ్ళనే కాలవలోకి వదలాలి. వాటిని పదిహేనేళ్ళుగా సాకుతున్నాడు కాబట్టి ఆయన్ని అందరూ పురుగుల బాబాయ్ అంటారు. "రేపు నీళ్ళలో రంగు కనబడిందా, కార్ఖానాకి తాళం పడేలోపే నీ ఉద్యోగం పోతుంది" అని యజమాని ముందే చెప్పాడు. బాబాయ్ రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

అందుకే ముందురోజు సాయంత్రం అందర్నీ పోగేసి, "ఇవి మన అన్నదాతలు! వీటి కడుపు మాడితే మన కడుపూ మాడుతుంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రంగు తినే ఓపిక రావడానికి పొద్దున ఒక్క డబ్బా చక్కెర వేస్తే చాలని మాత్రం వాచ్‌మన్ ఒక్కడికే చెప్పాడు. ఆ మాట కూడా అందరికీ చెప్పి ఉంటే బాగుండేది.

ఏడింటికి వాచ్‌మన్ డబ్బా చక్కెర వేశాడు. కాసేపటికి క్యాంటీన్ వంటావిడ వచ్చి తొంగిచూసింది.

"ఇంత తొట్టికి ఒక్క డబ్బానా అన్నయ్యా? చీమలక్కూడా చాలదు!"

రాత్రి మిగిలిన అన్నం మొత్తం బోర్లించింది. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలని క్యాషియరు డజను అరటిపళ్ళు తొక్కలు తీసి మరీ వేశాడు. యజమాని తల్లి "మూగజీవాలు నాయనా" అంటూ పాలు పోసింది. చివరికి యజమాని కూడా అటూ ఇటూ చూసి గ్లూకోజు బస్తా విప్పాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చేసిన పుణ్యం చెప్పుకుంటే పోతుంది కదా!

విందుభోజనం ఎదురుగా ఉంటే చద్దన్నం ఎవరు ముడతారు? సూక్ష్మజీవులు రంగు జోలికే పోలేదు. తిని, తిని, సంతానాన్ని పెంచుకున్నాయి. పావుతక్కువ పదకొండుకి నురగ లేచింది. తొట్టి గోడ దాటి, సైకిళ్ళను ముంచి, ఆఫీసు మెట్లెక్కింది. క్యాషియరు కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని పని చేసుకున్నాడు.

బాబాయ్ వాచిన బుగ్గతో, నోటినిండా దూదితో వచ్చేసరికి, ఇన్‌స్పెక్టరు చేతిలో గాజుగ్లాసుంది. అందులో నీళ్ళు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు యజమాని.

"ఊఁ... ఊఁ..." అన్నాడు బాబాయ్. పన్ను పదిన్నరకి గానీ ఊడలేదు, ఆపైన గంటదాకా నోరు తెరవొద్దని డాక్టరు చెప్పాడు.

"ఒప్పుకున్నట్టేగా! రేపట్నుంచి రాకు."

బాబాయ్‌కి ఏడుపొచ్చింది. నోరు మూసుకుని ఏడవడం ఎంత కష్టమో ఆయనకి అప్పుడే తెలిసింది. తొట్టిలోకి చూశాడు. అన్నం మెతుకులు తేలుతున్నాయి. గబగబా నురగలో పడి వెళ్ళి, వాచ్‌మన్ గదిలోని రిజిస్టరు తెచ్చి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు. తొట్టి దగ్గరికి దేవుడొచ్చినా టైము, పని అందులో రాయడం వాచ్‌మన్‌కి అలవాటు.

ఇన్‌స్పెక్టరు పైకి చదివాడు. "ఏడున్నర, వంటావిడ, అన్నం. ఎనిమిది, క్యాషియరు, అరటిపళ్ళు. ఎనిమిదిన్నర, పెద్దమ్మగారు, పాలు. తొమ్మిదింపావు, యజమానిగారు, గ్లూకోజు పది కిలోలు."

యజమాని ఆకాశంలోకి చూశాడు. ఇన్‌స్పెక్టరు తర్వాతి వరస చూసి రిజిస్టరు మూసేశాడు.

"ఇంకేముంది సార్?" అన్నాడు యజమాని ఆశగా.

"ఏం లేదు."

తన రిజిస్టరుకి అవమానం జరిగిందని వాచ్‌మన్‌కి రోషమొచ్చింది. "ఎందుకు లేదండీ? పదిన్నర, ఇన్‌స్పెక్టరుగారు, టీ రెండు గ్లాసులు. ముందే వచ్చారుగా! 'డ్యూటీలో ఎవరిదీ తాగకూడదు, పారబోస్తే మీరు బాధపడతారు' అని తమరే వాటికి పోశారు."

ఇన్‌స్పెక్టరు గ్లాసులోని ఎర్రనీళ్ళను మళ్ళీ తొట్టిలో పోసేశాడు.

"ఈయన్ని తీసేస్తే వీటికి పత్యం ఎవరు పెడతారండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు చివరికి.

"తీసేస్తానని ఎవరన్నారు?" అన్నాడు యజమాని.

"ఊఁ" అన్నాడు బాబాయ్.

అప్పటిదాకా చుక్క నీరు కూడా బయటికి వదలకూడదని, వారం తర్వాత మళ్ళీ తనిఖీ అని ఇన్‌స్పెక్టరు రాశాడు. కారణం అన్న గడి దగ్గర చాలాసేపు ఆలోచించి, "పరీక్ష సమయానికి సూక్ష్మజీవులు భోజన విరామంలో ఉన్నాయి" అని నింపి సంతకం పెట్టాడు.