ఎత్తుపళ్ల వారసత్వం

గొల్లగుట్టపల్లి సర్పంచ్ పదవికి కావలసిన అర్హత ఎత్తుపళ్లు. ఇది చట్టంలో లేదు. చట్టంలో లేనివి ఎన్నో ఊళ్లలో నిక్షేపంగా అమలవుతున్నాయి కాబట్టి ఆ ఊరివాళ్లు దాని గురించి ఎప్పుడూ మథనపడలేదు.

పెనుకొండ నుంచి ఆటోలో పోయి దిగే ఆ ఊరికి చాలాకాలం సర్పంచ్‌గా చేసిన గంగాధరప్పకు పైపళ్లు పెదవి దాటి ముందుకు వచ్చి ఉండేవి. పెదవులు కలిసేవి కావు. అందువల్ల ఆయన ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టే ఉండేవాడు. కుళాయిలో నీళ్లు రావడం లేదని చెప్పినా నవ్వుముఖమే, పింఛన్ అందలేదని ఏడ్చినా నవ్వుముఖమే. ఇంత ప్రసన్నుడైన నాయకుడు మళ్లీ పుట్టడని జనం తేల్చుకున్నారు. ఆయన పోయాక కొడుకు మంజునాథ్ నిలబడ్డాడు. అచ్చు అవే పళ్లు. ఎదుటి అభ్యర్థి చదువుకున్నవాడు, సొంత ఖర్చుతో రెండు వీధులకు నీళ్లు తెప్పించినవాడు. పళ్లు వరసగా ఉన్నందువల్ల ఓడిపోయాడు.

ఊరి నడుమ గంగాధరప్ప సిమెంటు విగ్రహం పెట్టినప్పుడు శిల్పి అమాయకుడై పెదవులు మూసి చేశాడు. ముసుగు లాగగానే జనం "ఎవురప్పా ఈయన?" అని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. శిల్పి అప్పటికప్పుడు నిచ్చెన ఎక్కి పళ్లు అతికించాక గాని చప్పట్లు పడలేదు.

ఇంతటి ఇంట్లో పుట్టిన పిల్ల మల్లిక. పాలపళ్లు ఊడి కొత్తపళ్లు వస్తున్నప్పుడు మంజునాథ్ రోజూ ఆమె పెదవి ఎత్తి చూసేవాడు. అవి ముందుకే వస్తున్నాయని తేలిన రోజు పిల్లను భుజాన ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. "మా నాయన పండ్లే! చూడండప్పా, మా నాయన పండ్లే!" ఊరివాళ్లు చూసి, రాబోయే కాలానికి కూడా సర్పంచ్ దొరికినందుకు స్థిమితపడ్డారు.

మల్లికను చదువుకు హిందూపురం పంపించారు. అక్కడి బడిలో గంగాధరప్ప ఎవరో ఎవరికీ తెలియదు. ఆ పళ్లకు వాళ్లు పెట్టిన పేరు కొబ్బరి కోరాం. మల్లిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడడం నేర్చుకుంది, తర్వాత మాట్లాడకుండా ఉండడం నేర్చుకుంది. నిద్ర లేస్తే నోరు ఎండిపోయి ఉండేది. 'అమ్మ' అనాలంటే పెదవులు కలవాలి. ఆమెకు కలవవు. ఒక సాయంత్రం ఖోఖో ఆడుతూ బోర్లా పడితే ముందుపన్ను అంచు విరిగింది. కబురు తెలిసి తల్లి గంగాదేవి వచ్చింది. భర్తకు చెప్పకుండానే కూతుర్ని డాక్టర్ షమీమ్ దగ్గరికి తీసుకుపోయింది. హిందూపురంలో వంకర పళ్లు సరిచేసే డాక్టరమ్మ ఆమె.

"ఈ పళ్లు ఇట్లే ఉంటే మళ్లీ పడిన రోజు మొత్తం పన్నే పోతుంది" అంది షమీమ్. "క్లిప్పులు వేస్తే రెండేళ్లలో లోపలికి వస్తాయి. ఓపిక కావాలి. పాపకుందా?"

మల్లిక చెయ్యి అడ్డం పెట్టుకుని "ఉంది" అంది.

మంజునాథ్ కోప్పడతాడని తల్లీకూతుళ్లు భయపడ్డారు. ఆయన సంతోషించాడు. బెంగుళూరు నుంచి వచ్చే పిల్లలందరి నోళ్లలో ఆ మెరుపు చూసి ఉన్నాడు. చెవులకు కమ్మల్లాగ, ముక్కుకు పుడకలాగ, పళ్లకు క్లిప్పు అనేది కలిగినవాళ్లు చేయించుకునే నగ అని ఆయన గట్టి నమ్మకం. ఇంటికి ఎవరొచ్చినా కూతుర్ని పిలిచి పళ్లు చూపించమనేవాడు. "మా నాయన పండ్లకు వెండితొడుగు" అనేవాడు. ఆ తీగలు పళ్లను ఎక్కడికో నడిపిస్తున్నాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. సర్పంచ్‌గా తాను సంతకాలు పెట్టిన పనులన్నింటి గురించీ ఆయనకు తెలిసింది అంతమాత్రమే.

మల్లిక మాత్రం ఆ రెండేళ్లూ తపస్సు చేసింది. తీగలు బిగించిన రోజు సంగటి ముద్ద కూడా నమలలేక మింగేది. చెంప లోపల గీరుకుని పుండ్లయితే తీగలకు మైనం అద్దుకునేది. చుట్టూ వేరుశనగ పండే సీమలో ఉండి, వేయించిన చెనిక్కాయ ఒక్కటి కొరకకుండా గడిపింది. చివరికి షమీమ్ తీగలన్నీ విప్పి, అద్దం చేతికిచ్చి, "మూతి ముయ్యి" అంది. పెదవులు వాటంతట అవే వచ్చి కలుసుకున్నాయి. మల్లిక ఆ కలిసిన గీతను వేలితో తడిమి చూసుకుంది. తర్వాత "అమ్మా" అంది. గంగాదేవి కొంగుతో మొహం కప్పుకుని బయటికి పోయింది.

"ఈ రిటైనర్ రాత్రీ పగలూ పెట్టుకోవాలి" అని షమీమ్ ఒక పారదర్శకమైన తొడుగు ఇచ్చింది. "లేకపోతే పళ్లు మళ్లీ పాత చోటికి పోవాలని చూస్తాయి."

అదే వారం గొల్లగుట్టపల్లి సర్పంచ్ పదవిని మహిళలకు కేటాయించారు. మంజునాథ్ కంగారు పడలేదు. భార్యను నిలబెడతాడు, పని తాను చూసుకుంటాడు, చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఉన్న పద్ధతే. చిక్కు ఒక్కటే. గంగాదేవి మడకశిర పిల్ల. పళ్లు జొన్నగింజల్లాగ వరసగా ఉంటాయి. ఆమెను చూసి ఎవరు ఓటేస్తారు? అందుకని పక్కన మల్లిక ఉండాలి. పైన గంగాధరప్ప, కింద గంగాదేవి, నడుమ మల్లిక పళ్లు. పెనుకొండలో ఫ్లెక్సీలు వేసే ఖాదర్‌వలికి ఆ లెక్కనే ఆర్డరు ఇచ్చి, కూతుర్ని ఫోటోకు పిలిపించాడు.

మల్లిక వచ్చి నాయన ముందు నిలబడి నవ్వింది. మంజునాథ్ ఆమె మొహం వంకా, వెనకా ముందూ చూశాడు.

"పండ్లు యాడ పోయినాయి?"

"లోపలికి పోయినాయి నాయనా."

"లోపలికి పోయినాయా! ఎవురు చెప్పినారు పొమ్మని?"

ఖాదర్‌వలి అనుభవజ్ఞుడు. "ఏం కాదులే అన్నా. కంప్యూటర్‌లో ముందుకు లాగుతా" అన్నాడు. లాగాడు కూడా. ఫ్లెక్సీ బ్రహ్మాండంగా వచ్చింది. అయితే పాప వీధిలో నడిచి పోతుంటే జనం ఒకసారి ఫ్లెక్సీని, ఒకసారి పాపను చూసి గుసగుసలు పోవడం మొదలైంది. "ఆ పాప వేరే, ఈ పాప వేరే" అన్నారు కొందరు. అసలు పాపను హిందూపురంలో ఎవరో మార్చేశారని రచ్చబండ మీద తేలింది.

మంజునాథ్, ఖాదర్‌వలి కలిసి హిందూపురం పరుగెత్తారు.

"మేడమ్, మళ్లా ముందుకు తెచ్చే క్లిప్పు ఏమన్నా ఉండాదా?"

"నేను చదివింది పళ్లు సరిచేసే చదువు" అంది షమీమ్.

"ఆ ప్లాస్టిక్ తొడుగు పెట్టుకోకపోతే అవే వస్తాయంట కదా?"

"కొంచెం కొంచెంగా వస్తాయి. మీ ఎలక్షన్ లోపల రావు."

వైద్యశాస్త్రం ఇంత వెనకబడి ఉన్నందుకు మంజునాథ్ విచారించాడు. ఇంటికొచ్చి కూతురి రిటైనర్‌ను వంశవ్యతిరేక వస్తువుగా ప్రకటించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. గంగాదేవి తాళం తీసి మళ్లీ కూతురికి ఇచ్చింది. ఆ సాయంత్రమే విగ్రహం కింద పెద్దల సభ జరిగింది. మంజునాథ్ గొంతు సవరించుకున్నాడు.

"ఊరి పెద్దలారా! పండ్లు మా సొంతం గాదు. అవి మీవి. మీరు ఓట్లేసి పెంచిన పండ్లు. వాటిని అడక్కుండా లోపలికి తోసేదానికి ఈ పాపకు ఏం అధికారం ఉండాది? మా నాయన బతికుంటే ఏమనేవోడు?"

గంగాధరప్ప ఏమన్నా నవ్వుతున్నట్టే ఉండేది గనక ఆ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. పాప వారసురాలిగా తన బాధ్యత గుర్తించి, ఎన్నికలయ్యేదాకా కట్టుడుపళ్లు పెట్టుకోవాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. పాపను మాత్రం అడగలేదు. పిల్లల భవిష్యత్తు గురించిన తీర్మానాల్లో పిల్లలను అడిగే ఆచారం మనకు ఎక్కడా లేదు కదా.

కట్టుడుపళ్లు చేసే జోసెఫ్‌ను ధర్మవరం నుంచి పిలిపించారు. ఆయన మొదట నిచ్చెన వేసుకుని విగ్రహం పళ్ల కొలత తీసుకున్నాడు. గులాబీరంగు ముద్ద కలిపి సిమెంటు పళ్లకు అద్ది, అది గట్టిపడేదాకా పట్టుకుని నిలబడ్డాడు. కింద జనం చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని చూశారు. తర్వాత మంజునాథ్ ఇంటి వసారాలో కుర్చీ వేసి, మల్లికను కూర్చోబెట్టి, ముద్ద కలిపి, "నోరు తెరు పాపా" అన్నాడు.

మల్లిక నోరు తెరవలేదు.

తండ్రి చెప్పాడు, పెద్దలు చెప్పారు. ఎలక్షన్ అయినాక సెల్‌ఫోన్ కొనిస్తామన్నారు. మీ తాత ఆత్మ క్షోభిస్తుందన్నారు. జోసెఫ్ గిన్నెలో ముద్ద గట్టిపడిపోయింది. మరోసారి కలిపాడు, అదీ గట్టిపడింది. మల్లిక రెండు పెదవులూ ఒకదానికొకటి అతికించినట్టు పెట్టుకుని కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గాని పెదవి కదల్లేదు. రెండేళ్లు తీగల మధ్య బతికి సంపాదించుకున్నది అదొక్కటే.

మంజునాథ్‌కు సహనం పోయింది. కూతురి దవడ పట్టుకోబోయాడు. అప్పుడు గంగాదేవి వంటింట్లోంచి వచ్చి, కూతుర్ని లేపి, తాను కుర్చీలో కూర్చుంది.

"నిలబడేది నేను గదా. నాకు తీయప్పా కొలత" అని జోసెఫ్ ముందు నోరు తెరిచింది.

ఎవరికీ తట్టని ఉపాయం. పెద్దలు హర్షం వెలిబుచ్చారు. ఇది తన ఆలోచనేనని మంజునాథ్ రెండు రోజుల్లో నమ్మేశాడు.

పళ్లు తయారై వచ్చాయి. గంగాదేవి సొంతపళ్ల మీద బిగించుకునే తొడుగు, దాని నుంచి మామగారి పళ్లు ముందుకు దూసుకొచ్చి ఉండేవి. పెదవులు కలవవు, మాట తిరగదు. దానివల్ల ఇబ్బందేమీ రాలేదు. ప్రచారంలో మాట్లాడేది మంజునాథ్, ఆమె పని చేతులు జోడించడం. ధర్మవరం పట్టుచీర కట్టుకుని ఆటో ఎక్కి నిలబడితే ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. "అచ్చం గంగాధరప్పే! కోడలైనా ఎంత పోలికో చూడు" అన్నారు. అత్తింటి పోలిక కోడలికి ఎట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు.

రాత్రి తొడుగు తీసినప్పుడు ఆమె చిగుళ్లు ఎర్రగా కమిలి ఉండేవి. మల్లిక తాను దాచుకున్న మైనం తెచ్చి తొడుగు అంచులకు అద్దింది.

"నా వల్లే గదమ్మా" అంది.

"నీ నోరు నువ్వు మూసుకుంటివి. అది నీ ఇష్టం మా. దానికోసమే గదా అన్నాళ్లు నొప్పి ఓర్చుకుంటివి" అంది గంగాదేవి. తన నోటి సంగతి ఆమె మాట్లాడలేదు.

గొప్ప మెజారిటీతో గెలిచింది. ప్రమాణ స్వీకారంలో "సర్ఫంచ్‌గా ఫ్రవాణం చేస్తున్నాను" అంది. అధికారికి అర్థం కాలేదు గాని జనానికి ఒళ్లు పులకరించింది. గంగాధరప్పదీ అదే ఉచ్చారణ. ఆ తర్వాత పంచాయతీ ఆఫీసులో ఆమె కుర్చీలో కూర్చునేది, పక్క కుర్చీలోంచి మంజునాథ్ మాట్లాడేవాడు. మహిళలు ఇంత చక్కగా పాలిస్తున్నందుకు చూడ్డానికొచ్చిన అధికారులు మంజునాథ్‌ను అభినందించి పోయేవారు.

మొదటి గ్రామసభ రోజు మంజునాథ్ ధర్మవరంలో ఒక పెళ్లికి పోవలసి వచ్చింది. ఆమె పళ్లు పెట్టుకుని కూర్చుంటే చాలు, సభ దానంతట అదే అయిపోతుందని చెప్పి పోయాడు. సెలవులకు వచ్చిన మల్లిక ఆడవాళ్లలో కూర్చుంది. నీళ్లు రాక ఎగువీధి ఆడవాళ్లు కొన్నాళ్లుగా పొలాల్లోని బోర్ల దగ్గర బిందెలతో నిలబడుతున్నారు. వాళ్లలో పెద్దది నరసమ్మవ్వ లేచింది.

"ఏమమ్మా సర్పంచమ్మా, మోటరు కాలిపోయి ఉండాదంట. మేమేం తాగల్ల?"

గంగాదేవి జవాబు చెప్పింది. మాట బయటికి వచ్చేసరికి "వోటరు... ఫెనుకొండ..." అని ఏదో గాలి వినిపించింది. నరసమ్మవ్వ సంతృప్తిగా తలూపి కూర్చోబోయింది. ఆమె చుట్టూ అందరూ తలూపారు.

మల్లిక లేచి నిలబడింది. నోటికి చెయ్యి అడ్డం లేదు.

"అమ్మా, తీసేసి మాట్లాడు. వాళ్లకు వినపడాల."

గంగాదేవి కూతురి వంక చూసింది. కొంగు అడ్డం పెట్టుకుని తొడుగు తీసి బల్లమీద పెట్టింది. మూతి తుడుచుకుంది.

"మోటరు నేనే పెనుకొండకు పంపించినా. వైండింగు అయిపోయింది, రేప్పొద్దున దించుతారు. ఎగువీధికి పైపు పగిలింది గూడా చూసొచ్చినా. మీలో నలుగురు వస్తే యాడ తవ్వల్లో చూపిస్తారని కాసుకోని ఉండా. మాపటికే మొదులుపెడదాం."

ఇంత స్పష్టమైన మాట ఆ సభలో ఎన్నడూ వినబడలేదు. నరసమ్మవ్వ కళ్లు చికిలించి బల్ల వైపు చూసింది.

"నువ్వెవురమ్మా?"

"నేనే అవ్వా. సర్పంచ్‌ని."

"పోమ్మా. మేం ఓటేసిన సర్పంచ్ మాకు తెలీదా? ఇంతసేపు ఈడనే ఉన్నింది, యాడికి పోయెనో! ఆయమ్మను పిలవండప్పా."

"ఈయమ్మ మాటలు నమ్మొద్దు, ఏదో పైపులంటాంది, మోటరంటాంది" అని వెనకనుంచి ఇంకొకరు హెచ్చరించారు. మల్లిక "మా అమ్మే గదా!" అని అరిచింది. "నువ్వు ఎవురు పాపా?" అని అడిగారు. గంగాదేవి బల్లమీది తొడుగు వంక చూసింది. చెయ్యి మాత్రం చాపలేదు. జనం చాలాసేపు సర్పంచ్ కోసం గేటు వైపు చూశారు. ఎండ ముదిరాక ఒక్కొక్కరే లేచి పోయారు.

సర్పంచ్ గైర్హాజరైనందువల్ల గ్రామసభ వాయిదా పడిందని కార్యదర్శి మినిట్స్‌లో రాశాడు. నిబంధనల ప్రకారం కింద సర్పంచ్ సంతకం ఉండాలి కాబట్టి కాగితం తెచ్చి గంగాదేవి ముందు పెట్టాడు. ఆమె సంతకం చేసింది.