ఆఫ్రికాలో తప్పక చూడవలసిన ఊరు

దోషులు మీరే!

చదివేవాళ్లారా, చదివించుకుని వినేవాళ్లారా, మలయా దేశంలోని సమస్త తెలుగు కూలిజనమా! మీరింతవరకు ఆఫ్రికా చూడలేదు. పిరమిడ్లు చూడలేదు. విక్టోరియా జలపాతం చూడలేదు. జాంజిబారులో లవంగాల వాసన పీల్చలేదు. తెల్లారి లేచి పెరట్టుకు వెళ్లి వరసలో నిలబడి పేరు పిలిపించుకోవడం, కాయ ఒలవడం, గంజి తాగి పడుకోవడం. ఇదీ ఒక బతుకేనా? సిగ్గు లేదూ?

మా తోటకు ఆ సిగ్గు తీరిపోయింది. బాగన్ దాతుక్ దగ్గర మా కొబ్బరితోటలో ఇప్పుడు ఆఫ్రికా చూడని మనిషి లేడు. చంకలో పిల్లలు కూడా చూశారు. చూడం అన్నవాళ్లను కూలీల మేస్త్రీ, అదే మా కంగాణి, రెక్క పట్టుకుని తీసుకొచ్చి మరీ చూపించాడు. ఇంత దయగల తోట ఇంకొకటి ఉంటే చెప్పండి!

సంగతేమిటంటే, మా దొర ఆర్నెల్లు సెలవు పెట్టి ఆఫ్రికా ఖండం పైనుంచి కిందదాకా తిరిగి వచ్చాడు. వస్తూ వస్తూ పెట్టెడు గాజుపలకలు తెచ్చాడు. ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క ఫోటో. పలకను మేజిక్ లాంతరులో దూర్చి వెనక దీపం పెడితే బొమ్మ గోడంత అయి కనిపిస్తుంది. "ఆఫ్రికాలో తప్పక చూడవలసిన స్థలాలు" అని దానికి పేరు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం లెక్చరు. రానివాళ్ల పేరు సోమవారం పిలవరు. పేరు పిలవకపోతే ఆ రోజు పని లేదు.

ఈ మహాభాగ్యం మాకెవరివల్ల పట్టింది? నావల్లే!

మేము నాలుగక్షరాలు నేర్చుకోవడానికి ఒక పాక వేసుకున్నాం. పని దిగి వచ్చేసరికి పొద్దుగూకిపోతుంది, పలక మీద అక్షరం కనబడదు. అందుకని మా కూలీల సంఘం తరఫున దొరకు అర్జీ రాశాను. ఇంగ్లీషులోనే రాశాను! నా ఇంగ్లీషు కిరసనాయిలు డబ్బాల మీదా బిస్కెట్టు రేకుల మీదా నేర్చినది. ఎవరికీ చూపించలేదు, చూపిస్తే దిద్దుతారు కదా. "కూలీల చదువు నిమిత్తం ఒక లాంతరు దయచేయించవలెను" అని రాశాను.

దయచేయించాడు. ఏ లాంతరో నేను రాయలేదు. ఇందులో దొర తప్పేముంది?

పాకలో ఇప్పటికీ చీకటే. కానీ ఆఫ్రికా ఎంత వెలుగుగా ఉందనుకున్నారు!

దీని లాభాలు చెబుతాను, విని కుళ్లుకోండి. పక్క తోటలో చెల్లెలు నీళ్లాడితే చూసి రావడానికి ఆఫీసు చీటీ కావాలి. తెలుక్ ఆన్సన్ సంతకు పోవాలంటే చీటీ కావాలి. కైరో నగరానికి చీటీ అక్కర్లేదు! మా పోలయ్య ఏడేళ్లలో తోట గేటు దాటింది నాలుగుసార్లు. కైరోకు మాత్రం మూడు ఆదివారాల్లో మూడుసార్లు వెళ్లొచ్చాడు. నైలు నది ఎటు పారుతుందో అడగండి, చెబుతాడు. పెరాక్ నదికి అవతల ఏముందో మాత్రం అడక్కండి.

లెక్చరు ఎక్కడంటే, కొబ్బరి ఎండబెట్టే కొట్టులో. బొమ్మ కనబడాలంటే చీకటి కావాలి గనక తలుపులు మూసి, కిటికీలకు గోనెలు కట్టి, రెండు వందల మందిని లోపల కూర్చోబెట్టారు. మధ్యాహ్నం రెండు గంటలు. కింద నిన్నటి పొయ్యి ఇంకా చల్లారలేదు. దొర సహారా ఎడారి బొమ్మ వేసి అక్కడి వేడి ఎలాంటిదో వర్ణించబోయాడు. వర్ణన అవసరం లేకపోయింది.

దొర ఇంగ్లీషులో చెబుతాడు. ఆఫీసులో లెక్కలు రాసే గుమాస్తా, కిరాణీ, దాన్ని తమిళంలో చెబుతాడు. తెలుగులో చెప్పడానికి నన్ను దుబాసీగా పెట్టారు. ఇన్నేళ్లు ఆ ఆఫీసు గుమ్మం ముందు నిలబడి గొంతు చించుకున్నవాణ్ని. కిరాణీ పక్కన ఒక సబ్బుపెట్టె బోర్లించి దాని మీద నిలబడమన్నారు. అంతే! జానెడు ఎత్తు ఎక్కేసరికి నా గొంతు మారిపోయింది. చొక్కాకు గంజి పెట్టించాను. దొర "కొండ" అంటే నేను "గగనమండలమును చుంబించు మహాపర్వతరాజము" అన్నాను. నాకే తెలియని మాటలు నా నోట్లోంచి వచ్చాయి. ఎవరికీ అర్థం కాలేదు. అందువల్ల గౌరవం పెరిగింది.

పిరమిడ్ల బొమ్మ పడింది. లక్షమంది ఇరవై ఏళ్లు రాళ్లు మోసి కట్టారని దొర చెప్పాడు. పోలయ్య లేచాడు.

"బాబూ, ఆళ్ల కంగాణి ఎవుడు?"

నేను దాన్ని ఇంగ్లీషులోకి తిప్పలేదు. తిప్పితే నా పెట్టె కదులుతుంది.

"ఏటంతాడు దొర?" అన్నాడు పోలయ్య.

"మంచి ప్రశ్న అంటున్నాడు. కూర్చో."

విక్టోరియా జలపాతం పడింది. తోటంతటికీ ఉన్నది ఒక్క నుయ్యి, అందులోవి ఉప్పునీళ్లు. వానొస్తే తొట్టి నిండాలి, లేకపోతే లేదు. గోడ నిండా అన్ని నీళ్లు దూకుతుంటే చూసి మా ఆడవాళ్లలో సగంమందికి చెయ్యి కడవ కోసం వెతికింది. నేనొట్టేసి చెబుతున్నాను, ఒకావిడ వరసలో ముందుకు జరిగి నిలబడింది కూడా!

తరవాత జాంజిబారు. దొర బహు ప్రేమగా వేసిన బొమ్మ అది. ఏముంది అందులో? కొబ్బరిచెట్లు! పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కాయ ఒలిచి గోళ్లు ఊడిన రెండు వందల మందిని ఆదివారం కూర్చోబెట్టి, కొబ్బరిచెట్టు ఎంత సుందరంగా ఉంటుందో చూడమన్నాడు. నేనూ ఊరుకోలేదు, "నారికేళవనసౌందర్యము" అన్నాను.

కన్నమ్మ పక్కావిడ వీపు మీద కొట్టింది. "ఓలమ్మ! ఈ కాయలు గూడా మనవే ఒలవాలేటే?"

నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు, దుబాసీ నవ్వకూడదు. మరి మొన్న ఆదివారం ఎందుకు నవ్వాను? అదే ఇప్పుడు చెప్పబోయేది. ఇంతసేపూ దాన్ని తప్పించుకోవడానికే పిరమిడ్లూ జలపాతాలూ తిప్పాను.

మొన్న ఆదివారం నేటాలు పడింది. ఆఫ్రికాకు అట్టడుగున సముద్రం వారను చెరకుతోటల దేశం. బొమ్మలో చెరకుచేను, గట్టు మీద ఏడెనిమిదిమంది ఆడకూలీలు. కట్టు మన కట్టే. కొప్పు మన కొప్పే. దొర ఏదో ఊరి పేరు చెప్పి, చెరకు గురించి రెండు ముక్కలు చెప్పాడు. నేను "మధురరస..." అని అందుకున్నాను.

వెనకనుంచి ఒక కేక.

"అప్పా! మాయప్ప! మాయప్ప ఓలమ్మా!"

కేక వేసింది ఎర్రమ్మ. మా కూలిగదుల వరసలో, లయం చివరి గదిలో ఉంటుంది. అంత గొంతు ఆమెకు ఉందని ఆ రోజుదాకా ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ల కిందట బొబ్బిలి సంతలో ఏజెంటు మాట విని ఆమె అప్ప మరిడమ్మ నేటాలు ఓడ ఎక్కింది. మూడేళ్లకు ఈమె పినాంగు ఓడ ఎక్కింది. ఊళ్లో వెనక ఎవరూ మిగలలేదు. నేటాలులో ఆమె ఏ ఊళ్లో ఉందో ఈమెకు తెలియదు, ఈమె ఎక్కడుందో ఆమెకు తెలియదు.

అప్ప అంటే ఏమిటి? మన ఇశాఖపట్నం జిల్లాలో పుట్టిన కుక్కను అడిగినా చెబుతుంది, అప్ప అంటే అక్క. తమిళంలో అప్ప అంటే తండ్రి. కిరాణీది తమిళం. కొప్పు పెట్టుకున్న ఆడమనిషిని చూసి ఈమె "నాన్నా!" అని ఏడుస్తోందనుకున్నాడు. దొరకు అదే చెప్పాడు. దొర పగలబడి నవ్వాడు. కిరాణీ నవ్వాడు.

నేనూ నవ్వాను.

నేను! నన్ను చంకనేసుకుని పెంచిన మాయప్ప దేవుడమ్మ. ఆమె పోయినప్పుడు "అప్పా" అని ఏడ్చింది ఈ నోరే. పద్దెనిమిదేళ్లుగా కిరాణీల ముందు తమిళం, దొరల ముందు బిస్కెట్టు ఇంగ్లీషు మాట్లాడి మాట్లాడి, సబ్బుపెట్టె మీద నిలబడి, ఆ క్షణాన నాకు కూడా అప్ప అంటే తండ్రే అయిపోయాడు!

దొర తరవాతి పలక దూర్చాడు. పైన బల్లలా చదునుగా ఉన్న కొండ, దాని మీద మబ్బు.

"ఎనక్కి తిప్పండి బాబూ! ఒక్కపాలి! ఒక్కపాలి ఎనక్కి తిప్పండి!"

నేను ఎర్రమ్మను కూర్చోమన్నాను. తమిళంలో.

సోమవారం పని దిగాక ఆమె నా గది ముందుకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"సన్యాసి బాబూ, అది ఏ ఊరు?"

"ఆఫ్రికా అమ్మా."

"ఆఫ్రికాలో ఏ ఊరు?"

"ఆఫ్రికా చాలా పెద్దదమ్మా. ఖండం."

"అదేటి బాబూ! మాయప్ప ఏదో ఓ ఊర్లో ఉంతాది గానీ ఆఫ్రికా అంతా ఉంతాదేటి?"

పెద్ద ఉపన్యాసకుణ్ని నేను. మీ అప్పేనని ఎలా తెలుసునని ఎదురు అడిగాను.

"నిల్సున్న తీరు సూడనేదేటి? పాదం మీద పాదమెట్టి నిల్సుంది. ఎండకి నేల కాల్తాదని సిన్నప్పట్నించీ అలగే నిల్సుంతాది. ఒక కాలు కాలినాక ఇంకో కాలు." ఆమె నా గుమ్మం ముందు అలాగే నిలబడి చూపించింది. "బాబూ, నువ్వు పెట్టి మీద నిల్సున్నావు గదా, దొర పక్కన. దొర ఊరి పేరు సెప్పినాడు గదా. నువ్వు ఇన్నావు గదా?"

వినలేదు! ఇదీ అసలు సంగతి. దొర ఆ ఊరి పేరు స్పష్టంగా చెప్పాడు. ఆ సమయానికి నేను చెరకు మీద ఒక గొప్ప సమాసం అల్లుకుంటున్నాను. ఆఫ్రికా ఖండం మొత్తంలో తప్పక చూడవలసిన స్థలం ఒక్కటే ఉంది, దాని పేరు ఈ తోటలో తెలుగువాళ్లకు చెప్పవలసినవాణ్ని నేనొక్కణ్నే ఉన్నాను, నేను "మధురరస" దగ్గర ఉన్నాను.

మంగళవారం కిరాణీ దగ్గరకు పోయాను. ప్రతి పలక అంచునా ఊరి పేరు రాసిన కాగితం అంటించి ఉంటుంది, ఒక్కసారి పలకల పెట్టె తెరవమన్నాను. పెట్టెకు మేకులు కొట్టేశామన్నాడు. గురువారం మధ్యాహ్నం లాంచీ ఎక్కి తెలుక్ ఆన్సన్ పోతుందట, అక్కడి దొరలకూ చూపించాలట. "కూలి మనిషి నాన్న కోసం మేకులు పీకమంటావా?" అన్నాడు. తిన్నగా దొరనే అడగవచ్చు కదా అంటారా? అడిగితే ఆదివారం నేను వినలేదని ఒప్పుకోవాలి. దుబాసీతనం పోతుంది. సబ్బుపెట్టె పోతుంది. ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. కూలీల హక్కుల కోసం ప్రాణమిస్తానని ఏడాదికి ముప్పైసార్లు అరిచేవాణ్ని, ఒక పెట్టె దిగలేకపోయాను.

ఇదిగో, ఇప్పుడు దిగాను. అచ్చులో దిగాను.

ఆమె ఎర్రమ్మ అప్పేనా? నాకు తెలియదు. పాదం మీద పాదం పెట్టి నిలబడే ఆడది మన జిల్లాలో ఒక్కతేనా? కాకపోవచ్చు. కానీ ఆ బొమ్మ మళ్లీ చూసి కాదని చెప్పవలసినది ఎర్రమ్మ. కిరాణీ కాదు, దొర కాదు, నేను అసలే కాదు. నేటాలులో ఆ ఊరి పేరొక్కటి దొరికితే ఉత్తరం రాయవచ్చు. ఉత్తరం నేనే రాస్తాను. "అప్పకు" అని మొదలుపెడతాను, సమాసం ఒక్కటి ఉండదు.

సంఘం అచ్చు వేస్తున్న ఈ కాగితం బుధవారం మన లయాల్లో చదువుతారు. పెట్టె గురువారం మధ్యాహ్నం పోతుంది. మధ్యలో ఒక పెరట్టు ఉంది. అందుకని ఇప్పుడు చెయ్యవలసింది వినండి.

గురువారం తెల్లవారి వరసలో నిలబడండి. కిరాణీ మీ పేరు పిలుస్తాడు. "ఉన్నాను" అనకండి. "ఆ ఊరి పేరేటి?" అనండి. పోలయ్యా, నువ్వూ అదే అను. కన్నమ్మా, నువ్వూ అదే. రెండు వందల పేర్లకూ ఒకటే జవాబు. పెట్టె మేకులు పీకేదాకా, ఆ పలక మళ్లీ గోడ మీద పడేదాకా, ఎర్రమ్మ ఇక చాలు అనేదాకా ఏ పేరుకూ ఇంకో జవాబు లేదు.

పట్టీలో మొదటి పేరు సన్యాసి. నేనే మొదలుపెడతాను. తెలుగులో అడుగుతాను. దుబాసీని వాళ్లనే వెతుక్కోమనండి!