పెద్దాయన చుక్క

ఆ ఉదయం అతను పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. చివరి కొలతను గీతలో చేర్చి, డైరెక్టరుగారికి చూపించి, ఇంటికి పోయి ముసుగుతన్ని పడుకోవాలి. నక్షత్రాలను కొలిచే ఆ వేధశాలలో అతన్ని అందరూ అనుమానం అనే పిలుస్తారు. తాళం వేసిన తలుపును మళ్లీ మళ్లీ లాగి చూసే మనిషి మరి. అతని తాత్కాలిక ఉద్యోగం నెలాఖరుకు ముగుస్తుంది. ఉంచాలా, సాగనంపాలా అన్నది డైరెక్టరుగారి చేతిలో ఉంది.

అతని పని ఒక చుక్క వెలుగును రోజూ కొలవడం. అందుకు పక్కన ఎప్పటికీ మారని చుక్క ఒకటి ఉండాలి. దానితో పోల్చి, ఇది ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చెప్పాలి. ఆ మారని చుక్కను డైరెక్టరుగారు తన కుర్రతనంలో ఎంపిక చేశారు. అప్పటినుంచి దాని పేరు పెద్దాయన చుక్క. అన్నిటినీ శంకించే అనుమానం కూడా దాని జోలికి పోలేదు. ఉద్యోగం కావాలి కదా!

కంప్యూటరు తెరమీద ఆ వెలుగు గీత పైపైకి పోతోంది. వెనకనుంచి డైరెక్టరుగారు తొంగిచూశారు.

"ఏమయ్యా, రోజురోజుకీ వెలుగు పెరుగుతోందా? ఈ చుక్క పేలిపోయేలా ఉందే!"

"సార్, ఇంకోసారి సరిచూసుకుని..."

"నీ అనుమానాలూ నువ్వూనూ! సాయంత్రం విలేకరుల్ని పిలుస్తున్నా. ఇక నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

ఆ ఆఖరి మాట విని అనుమానం నోరు మూసుకున్నాడు. తప్పంతా అక్కడే జరిగింది. పైగా సంబరం పట్టలేక భార్యకు ఫోన్ చేశాడు. ఆవిడ పుట్టింటికి చేసింది. అల్లుడి ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ అంతుపట్టని మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరారు. మధ్యాహ్నానికి పరదేశాల వేధశాలలవాళ్లు కూడా ఫోన్లు మొదలుపెట్టారు. రాత్రికి తమ దూరదర్శినులను అటే తిప్పుతున్నారట.

పొద్దు వాలాక భోజనానికి కూర్చున్నవాడు కంచం వదిలి మళ్లీ తెర ముందుకు పోయాడు. ఊరికే ఉండలేక, రోజూ కొలతకోసం తీసిన ఆకాశం ఫోటోల్లోనే ఓ మూలనున్న మూడో చుక్కతో తన చుక్కను పోల్చి చూశాడు. గీత బల్లపరుపుగా వచ్చింది. వెంటనే పెద్దాయన చుక్కను కూడా ఆ మూడోదానితోనే పోల్చాడు. గీత కిందికి జారింది. తన చుక్క పెరగడం లేదు, పెద్దాయనదే తరిగిపోతోంది!

ఆ గీతలను కాగితంమీద అచ్చుతీసుకుని హాల్లోకి పరుగెత్తేసరికి విలేకరులతో కుర్చీలు నిండిపోయాయి. మొదటి వరసలో మామగారు. వేదికమీద డైరెక్టరుగారు గొంతు సవరించుకుంటున్నారు. చెబితే ఆయన పరువు పోతుంది, దాని వెనకే తన ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే తెల్లారేలోగా ఎవరో ఒకరు కొలిచి ఇద్దరి పరువూ తీస్తారు. అనుమానానికి ఏడుపు ఒక్కటే తక్కువ. ఎలాగో వేదిక ఎక్కాడు.

"సార్, ఒక్క నిమిషం..."

"చూశారా వినయం! పొగిడితే కంగారుపడిపోతాడు," అన్నారు డైరెక్టరుగారు మైకులో. చప్పట్లు మోగాయి.

"అది కాదు సార్. నా చుక్క మారలేదు. మీదే... తగ్గిపోతోంది."

మైకు ఆ మాటను వెనక వరస దాకా మోసుకుపోయింది. డైరెక్టరుగారు అతని చేతిలోని కాగితం లాక్కుని చూశారు. ముఖం పాలిపోయింది. అనుమానం మనసులోనే సామాను సర్దేసుకున్నాడు.

"నాదా?" అన్నారాయన మెల్లగా. మళ్లీ చూశారు. ఉన్నట్టుండి ముఖం విప్పారింది. "నాదే! వినండి, మారనే మారదని అందరూ నమ్మిన చుక్క మారుతోంది! అంత గొప్ప చుక్కను ఏరి పెట్టిందెవరు? నేను!"

ఫోటోలన్నీ ఆయనకే తీశారు. అడ్డంగా ఉన్నాడని అనుమానాన్ని పక్కకు జరగమన్నారు కూడా. అంతా అయ్యాక డైరెక్టరుగారు అతని భుజం తట్టారు.

"ఇకమీదట మన కొలబద్ద నీ చుక్కేనయ్యా. అది మారకుండా ఉందో లేదో రోజూ ఒకరు చూస్తూ ఉండాలి. ఆ పనికి నిన్ను పర్మనెంటు చేస్తున్నా."

మెట్లు దిగుతూ మామగారు అడిగారు. "ఇంతకీ ఆ చుక్క ఏం చేస్తుంది బాబూ?"

"ఏమీ చేయదండీ మామయ్యగారూ."

"మరి నువ్వు?"

"అది ఏమీ చేయడం లేదని రోజూ రాసి పెడతానండీ."

పెళ్లయ్యాక మొదటిసారి మామగారు అల్లుణ్ని గౌరవంగా చూశారు.

"సర్కారు ఉద్యోగమని ముందే చెప్పొద్దూ!"