చుట్టల జాడీ, బాలనర్సయ్య బుర్ర

"నర్సింహా, ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినోళ్లు ఒకలు, ఇంక దొరకనోళ్లు ఇంకొకలు."

మా బాలనర్సయ్య ఈ ప్రకటన చేసింది లింగంపల్లి స్టేషన్ ముందు నా కిరాయి సైకిళ్ల దుకాణంలో, నా స్టూలు మీద కూర్చుని, నేను తెప్పించుకున్న చాయ్ తాగుతూ. మొదటి రకంలో అప్పటికి ఎవరూ లేరు. తప్పిపోయిన బర్రె ఒకటి ఉంది గాని, అది సాయంత్రానికి తనంతట తానే ఇంటికి వచ్చేసింది. తన వ్యూహానికి జడిసి లొంగిపోయిందని మా వాడు ఇప్పటికీ చెబుతాడు. పగలు పంచాయతీ ఆఫీసులో అటెండరు, మిగతా వేళల్లో డిటెక్టివు.

డెబ్బై మూడు ప్రాంతపు మాట. ఫ్యాక్టరీ ఉద్యోగాలకని కోస్తా వాళ్లు మా ఊళ్లో దిగుతున్న రోజులు. వాళ్లలో ఫోర్మన్ శ్రీనివాసరావు ఒకరు, విజయనగరం వైపు మనిషి. ఆ రోజు ఆయన నా దగ్గర సైకిలు కిరాయికి తీసుకోబోయి, మా వాడి మాట విని ఆగిపోయాడు. పాపం, నమ్మేశాడు.

ఆయన ఇంట్లో చుట్టలు పోతున్నాయట. చుట్టలంటే కొట్లో దొరికేవి కావు. వాళ్ల నాన్న పోయేముందు తన చేత్తో చుట్టిన ఆఖరి కట్ట. జాడీలో ఎండిన అరటాకులు పరిచి, చుట్టలు పేర్చి, మూతికి తడిగుడ్డ కట్టి, వంటింట్లో నీళ్ల కుండల పక్కన పెట్టుకున్నాడు. మా గాలి పొడిగాలి కదా, గుడ్డ ఆరితే చుట్ట పెళుసెక్కుతుంది, మరీ తడిస్తే బూజు పడుతుంది. పసిబిడ్డను సాకినట్టు సాకుతున్నానండీ అన్నాడాయన.

"ఏ కట్ట విప్పినా నాన్నగారు ఒకటి వెలిగించి, ఇంకో ఏడాది ఉండాలిరా అనేవారండి. ఆయన పోయాక అన్నయ్య పంచుకుని కాల్చేద్దాం అన్నాడు. నేను మాగనివ్వమన్నాను. మాటా మాటా పెరిగింది. అప్పట్నించీ మాటల్లేవు."

ఇప్పుడా అన్నయ్య కామేశ్వరరావు, ఆదివారం వస్తున్నాను, నాన్న చుట్ట ఒకటి కలిసి కాలుద్దాం అని కబురు పెట్టాడు. తీరా చూస్తే జాడీ సగం ఖాళీ. మాగాలని చెప్పి తమ్ముడే కాల్చేశాడనుకుంటాడు అన్న. అది తలుచుకుని ఆ పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు.

బాలనర్సయ్యకు మాత్రం పండగ. మే నెలలో కూడా విప్పని మంకీ క్యాపు సర్దుకుని, ఇది అంతర్జాతీయ ముఠా పని అన్నాడు.

వెళ్లి ఇల్లంతా చూశాం. ఇంట్లో ఉండేది ఆయన, నిండు చూలాలైన భార్య, ఆమె పురుడు కోసం వచ్చిన అత్తగారు అమ్మణ్ణి. ఆవిడ తలుపు చాటునే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏమడిగినా తల ఊపడమే. అల్లుడి ముందు మా అత్తగారు నోరు విప్పరండీ, పాతకాలపు మర్యాద అన్నాడు శ్రీనివాసరావు గర్వంగా. బాలనర్సయ్య ఆవిడకు దండం పెట్టి, అనుమానితుల్లోంచి కొట్టేశాడు.

పెరట్లో జామచెట్టు కింద మా వాడికి ఒక చుట్టపీక దొరికింది. విచిత్రంగా కాలిన కొస తడిగా ఉంది, కాలని కొస పొడిగా ఉంది. శ్రీనివాసరావుకు చూపిద్దామన్నాను.

"సాక్ష్యం కక్షిదారుకు సూపెట్టొద్దు. గది రూలు." రుమాల్లో చుట్టి జేబులో దాచేశాడు.

ఆ రూలే కొంప ముంచింది. ఆయన ఒక్కసారి చూసి ఉంటే కేసు అక్కడే ముగిసేది.

దొంగ చుట్టను నీళ్లలో ముంచి ఆర్పుతాడు కాబట్టి నీళ్లతో సంబంధమున్న మనిషి అని మా వాడి సిద్ధాంతం. నేరుగా పోయి పాల మొగిలిని పట్టుకున్నాడు.

"పాలల్ల నీళ్లు కలుపుత, ఒప్పుకుంట," అన్నాడు మొగిలి శాంతంగా. "చుట్టల గూడ ఎందుకు కలుపుత పటేలా?"

ఆదివారం వచ్చింది. జాడీలో ఇంకో రెండు తగ్గాయి. శ్రీనివాసరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. బయట ఒకటే వాన. మేం ముందుగదిలో కూర్చున్నాం, అమ్మణ్ణి ఎప్పటిలాగే తలుపు చాటున ఉంది.

అప్పుడు వీధి గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి నిలబడ్డాడు. తల నుంచి నీళ్లు కారుతున్నాయి, నోట్లో వానకు ఆరిపోయిన చుట్ట. కాలిన కొస తడి.

బాలనర్సయ్య ఒక్క దూకు దూకి ఆయన నడుం వాటేసుకున్నాడు.

"కదిలితే కాలుస్త," అన్నాడు, చేతిలో ఏమీ లేకపోయినా. "తడిచుట్టల ముఠానాయకుడా, నీ ఆట కట్టింది."

"అయ్యో, మా అన్నయ్యండీ," అన్నాడు శ్రీనివాసరావు.

కామేశ్వరరావు మా వాణ్ణి విదిలించుకుని తమ్ముడి వంక చూశాడు. "కలుద్దామని వస్తే దొంగను చేస్తావురా?" అని సంచీ తీసుకుని వెనక్కి తిరిగాడు. కింద పడ్డ బాలనర్సయ్య ఈసారి ఆయన కాలు పట్టుకుని వదల్లేదు. ఆయన నడుస్తుంటే మంకీ క్యాపుతో సహా వెనకాల జరజరా జారుతూ పోతున్నాడు.

తలుపు చాటున ఎవరో పగలబడి నవ్వారు. అటు చూస్తే అమ్మణ్ణి. కొంగు జారింది. నోట్లోంచి, ముక్కుల్లోంచి గుప్పుమని పొగ. వెనకే నేల మీద చుట్టముక్క టపీమని పడింది, నిప్పు ఉన్న కొస లాలాజలంతో మెరుస్తూ.

"అడ్డపొగ," అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒకేసారి.

నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చడం వాళ్ల వైపు ఆడవాళ్లకు అలవాటట. మంట కనపడదు, నోరు మూసుకుంటే పొగా కనపడదు. మాకు తెలియని విద్య. పాతకాలపు మర్యాద లోపల ఇన్నాళ్లూ నిప్పు రగులుతోందన్నమాట.

ఇక దాచేదేముందనుకుందో ఏమో, ఆవిడ అల్లుడి ముందు మొదటిసారి నోరు విప్పింది.

"తప్పే బాబూ. అయినా చెప్తున్నాను, ఘాటు ఇంకా చావనేదు. ఇంకో ఏడాది ఉండాల."

కామేశ్వరరావు చేతిలోని సంచీ కింద పెట్టేశాడు. "నాన్న మాటేరా అది," అన్నాడు తమ్ముడితో. "నువ్వే రైటు." ఆ తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారో ఏడ్చారో నాకు సరిగా తెలియదు, నా కళ్లు కూడా బాగా లేవు.

జాడీ మూతికి అన్న కొత్త తడిగుడ్డ కట్టాడు. వచ్చే ఏడాది వచ్చి విప్పుతాను, అంతదాకా కాపలా అత్తగారిదే అన్నాడు. ఆవిడ మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుని తల ఊపింది.

కేసు తానే ఛేదించానని బాలనర్సయ్య దారిపొడుగునా చెప్పాడు. నేరస్థుడి మనసు తెలియాలంటే నేరస్థుడిలా కాల్చి చూడాలని, నా దుకాణం ముందే బీడీ వెలిగించి, నిప్పు కొస నోట్లో పెట్టుకున్నాడు.

నాలుక మానేదాకా మా లింగంపల్లిలో నేరస్థుల రకాల గురించి ఎవరూ ఏమీ వినలేదు. నా చాయ్ నేనే తాగాను.